గోధుమరంగు సీసా: మా బడి ల్యాబులో అయోడిన్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మూడో వారం

ఆకులో పిండిపదార్థం ఉందని చూపించే ప్రయోగానికి అయోడిన్ ద్రావణం కావాలని బయాలజీ మేడం అడిగారు. బీరువాలో ఉన్న పాత సీసా రంగు వెలిసిపోయి లేత పసుపు నీళ్లయింది. "కొత్తది తెప్పిద్దామా సార్?" అంటే, "వద్దు మేడం, పదో తరగతి పిల్లలతో ఇక్కడే చేయిస్తా. పనిలో పని, ఉప్పు కూడా పరీక్ష చేద్దాం" అన్నాను. అలా మొదలైంది ప్రాజెక్టు.

ప్లాను ఇది. ముందు ఒక స్టాక్ ద్రావణం, అంటే తర్వాత పలచన చేసుకుని వాడే చిక్కటి ద్రావణం: 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల అయోడిన్, 10 గ్రాముల పొటాషియం అయోడైడ్. దీన్ని లుగోల్ అయోడిన్ అంటారు. 1829లో లుగోల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి మిశ్రమాన్ని వాడకంలోకి తెచ్చాడు, ఆయన పేరే నిలిచిపోయింది. స్టాక్‌ను పలచన చేస్తే ఆకు ప్రయోగానికి సరిపోతుంది, ఇంకా పలచన చేస్తే నిమ్మరసంలో విటమిన్ సి కొలవొచ్చు. ఉప్పు పరీక్షకు మాత్రం అయోడిన్ అక్కర్లేదు, అయోడైడ్ చాలు. ఎందుకో ఆ వంతు వచ్చినప్పుడు రాస్తాను.

సరుకు హనుమకొండలో సైంటిఫిక్ సామాను అమ్మే షాపులో దొరికింది. అయోడిన్ రేటు విని హెడ్మాస్టరు గారు ఒకసారి నా ముఖం చూశారు. మన దేశానికి అయోడిన్ దాదాపుగా దిగుమతే. ప్రపంచంలో ఎక్కువ భాగం చిలీ ఎడారి ఖనిజం నుంచి వస్తుంది, ఆ తర్వాత జపాన్ భూగర్భ ఉప్పునీళ్ల నుంచి. అందుకే అన్నిటికన్నా చిన్న సీసా తీసుకున్నాం.

ద్రావణం చేసిన రోజు

అయోడిన్‌ను నీళ్లలో వేస్తే కరగదని పుస్తకంలో ఉంటుంది. అది పూర్తిగా నిజం కాదు. లీటరు నీటిలో 0.3 గ్రాము దాకా కరుగుతుంది. పిల్లలకు అదే ముందు చూపించాను. పరీక్షనాళికలో నీళ్లు పోసి చిన్న పలుకు వేసి ఎంత ఊపినా, నీళ్లు కొంచెం పసుపు పట్టాయి తప్ప పలుకు అడుగున అలాగే కూర్చుంది. తర్వాత చిటికెడు పొటాషియం అయోడైడ్ వేసి ఊపమన్నాను. పలుకు చుట్టూ గోధుమరంగు చారలు దిగడం మొదలై, చూస్తుండగానే పలుకు చిన్నదైపోయి, చివరికి లేకుండా పోయింది. వెనక బెంచీ వాళ్లు కూడా లేచి ముందుకొచ్చారు.

అయోడిన్ అణువు అయోడైడ్ అయాన్‌తో జతకడితే మూడు అయోడిన్ పరమాణువులున్న ట్రై అయోడైడ్ అయాన్ అవుతుంది. దానికి విద్యుదావేశం ఉంది కాబట్టి నీళ్లలో హాయిగా ఉంటుంది. ఇంతవరకు ఏ గైడులోనైనా ఉంటుంది. ఇది వెనక్కీ ముందుకీ నడిచే చర్య అన్న సంగతిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ ప్రాజెక్టు మొత్తం తిరిగేది దాని మీదే.

ఇక అసలు తయారీ. ఇందులో వరస ముఖ్యం. ముందు 10 గ్రాముల అయోడైడ్‌ను 15 మిల్లీలీటర్ల నీళ్లలోనే కరిగించాలి. అంత కొద్ది నీళ్లలో కరుగుతుందా అని అనుమానం వస్తుంది గానీ, 100 మిల్లీలీటర్ల నీటికి 140 గ్రాముల దాకా కరిగే లవణం ఇది. కరిగేటప్పుడు బీకరు చల్లబడుతుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చేయి పెట్టి చూశారు. ఆ చిక్కటి ద్రావణంలో అయోడిన్ వేసి గాజు కడ్డీతో కలపాలి. ముందే 100 మిల్లీలీటర్లకు నీళ్లు నింపి అయోడిన్ వేస్తే అదే పనికి గంటలు పడుతుంది. అయోడైడ్ ఎంత చిక్కగా ఉంటే అయోడిన్ అంత త్వరగా కరుగుతుంది.

ఇక్కడొక చిక్కుంది. ద్రావణం చిక్కటి కాఫీ డికాషన్ రంగుకు వచ్చాక, అడుగున పలుకులు మిగిలాయో లేదో కనబడదు. బీకరును ఒక పక్కకు బాగా వంచి, కింద నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూడాలి. అంచు దగ్గర పలచని పొరలో మిగిలిన పలుకులు నల్లగా మెరుస్తూ జారుతుంటాయి. అవి పూర్తిగా పోయాకే నీళ్లు కలిపి 100 చేశాం.

అయోడిన్‌ను కాగితం మీదో తక్కెడ పళ్లెంలోనో తూచకూడదు. లోహాన్ని తినేస్తుంది, గది వేడికే ఊదారంగు ఆవిరి లేస్తుంది. మూతున్న చిన్న గాజు సీసాలో వేసి తూచాం. కిటికీలన్నీ తీసిపెట్టాం, చేతులకు గ్లవ్స్. అమ్మోనియా సీసాను ముందే వేరే గదిలోకి పంపించాను. ఆ రెండూ కలిసి ఆరితే తాకితేనే పేలే పదార్థం తయారవుతుంది. ఆ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

మార్చి మొదట్లో: పలచన చేస్తే ఏమైంది

నాకు అన్నిటికన్నా నచ్చిన రోజు ఇదే, కాబట్టి వివరంగా రాస్తున్నా.

స్టాక్‌ను పది రెట్లు, వంద రెట్లు, వెయ్యి రెట్లు పలచన చేసి నాళికలను తెల్ల కాగితం ముందు వరసగా నిలబెట్టాం. మొదటిది ఎర్రటి గోధుమరంగు, రెండోది నారింజ కలిసిన పసుపు, మూడోది కళ్లు చికిలించి చూస్తే తెలిసేంత పసుపు. "స్టాక్‌లో విడిగా ఉన్న అయోడిన్ ఎంతుంటుంది రా?" అని అడిగితే, "5 గ్రాములు సార్" అన్నారు అందరూ ఒకేసారి. అందరూ తప్పే.

లెక్క వేశాం. ట్రై అయోడైడ్ ఏర్పడే సమతాస్థితి స్థిరాంకం, అంటే ఈ చర్య ఎటువైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె, 25 డిగ్రీల దగ్గర సుమారు 700. స్టాక్‌లో మొత్తం అయోడిన్ లీటరుకు 0.197 మోల్ (అణువులను లెక్కపెట్టే కొలత), అయోడైడ్ 0.602 మోల్. లెక్క కడితే ఎవరితోనూ జతకట్టకుండా ఉన్న అయోడిన్ 0.0007 మోల్ కూడా లేదు. అంటే మొత్తంలో అర శాతం కన్నా తక్కువ. మిగతాదంతా ట్రై అయోడైడ్ రూపంలో దాగి ఉంది.

ఇప్పుడు పది రెట్లు పలచన చేస్తే విడి అయోడిన్ కూడా పదోవంతు అవ్వాలి కదా? అవ్వదు. లెక్కలో అది దాదాపు మొదట ఉన్నంతే ఉంది. వంద రెట్లు పలచన చేసినా 0.00047 దగ్గరే ఆగింది. మొత్తం సరుకు వందో వంతుకు పడిపోతే, విడి అయోడిన్ మూడో వంతు మాత్రమే తగ్గింది! వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బయట మిర్చి బస్తాలు అమ్ముడవుతుంటే గోదాములోంచి మళ్లీ బయటికి వస్తాయి చూడండి, అలా ట్రై అయోడైడ్ విడిపోతూ అయోడిన్‌ను బయటికి పంపిస్తుంటుంది. గోదాము దాదాపు ఖాళీ అయ్యేదాకా బయట కొరత తెలియదు. క్లాసులో ఈ పోలిక చెప్పాక లెక్క మళ్లీ చెప్పే అవసరం రాలేదు. మా పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో మిర్చి పంటే మరి.

లెక్కను నమ్మించడానికి హెక్సేన్ వాడాం. ఇది మంటకు భయపడాల్సిన ద్రవం, కాబట్టి ఆ పూట స్పిరిట్ ల్యాంపులు బయటికి తీయలేదు. వంద రెట్లు పలచన చేసిన నాళికలో కొద్దిగా హెక్సేన్ పోసి ఊపి నిలబెడితే, పైన తేలిన పొర మంచి ఊదారంగుకు వచ్చింది. హెక్సేన్‌లోకి విడి అయోడిన్ మాత్రమే వెళ్తుంది, ఆవేశం ఉన్న ట్రై అయోడైడ్ నీళ్లు వదలదు. ఇప్పుడు అదే నాళికలో అయోడైడ్ పలుకులు వేసి మళ్లీ ఊపితే పై పొర ఊదా పలచబడి, కింద నీళ్లు గోధుమరంగు పట్టాయి. బయటికి పోయిన సరుకును అయోడైడ్ వెనక్కి పిలిచింది. ఈ ఒక్క నాళికను పిల్లలు ఎన్నిసార్లు ఊపారో నేను లెక్క పెట్టలేదు.

పాత సీసా ఎందుకు వెలిసిందో కూడా ఇక్కడే తెలిసింది. విడి అయోడిన్ ఎంత కొద్దిగా ఉన్నా, ఆవిరయ్యేది అదే. అది పోతే ట్రై అయోడైడ్ విడిపోయి ఆ లోటు పూడుస్తుంది, అదీ పోతుంది. బిరడా వదులుగా ఉన్న సీసా ఏళ్ల తరబడి అలా ఖాళీ అవుతూ వచ్చింది.

ఒంటిపూట బడులు మొదలయ్యాక: గంజి

అయోడిన్ ఉందో లేదో రంగుతో చెప్పే స్టార్చ్ (పిండిపదార్థం) సూచికకు బయటి పొడి కొనలేదు. మధ్యాహ్న భోజనం వండే అక్క రోజూ గంజి వంచుతుంది. చెంబుడు తెచ్చి, వడగట్టి, వేడినీళ్లతో పలచన చేశాం. ఒక్క చుక్క అయోడిన్‌కే చిక్కటి నీలం. బియ్యపు పిండిలోని అమైలోజ్ గొలుసు మెట్లమెట్లుగా చుట్టుకుని ఉంటుంది, ఒక్కో చుట్టుకు ఆరు గ్లూకోజులు. ఆ చుట్ల మధ్య ఖాళీలో అయోడిన్ పరమాణువులు వరసగా దూరితే నీలం కనబడుతుంది. కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్‌లో అంత పొడుగు వరస కుదరదు, అందుకే అది ఎర్రటి ఊదా దగ్గరే ఆగుతుంది.

నీలం నాళికను వేడినీళ్లలో ముంచితే రంగు మాయం. "సార్, కలర్ పోయింది సార్!" అని ఒకమ్మాయి కంగారు. "సల్లారనియ్యమ్మా, అదే వస్తది" అన్నాను. కుళాయి కింద పెట్టగానే అడుగు నుంచి నీలం పైకి ఎక్కుతూ వచ్చింది. వేడికి ఆ పట్టు వదులవుతుంది, చల్లబడితే మళ్లీ పట్టుకుంటుంది. మరీ ఎక్కువసేపు మరిగిస్తే మాత్రం అయోడిన్ ఎగిరిపోయి రంగు తిరిగి రాదు.

గంజి ఏ రోజుది ఆ రోజే. ఈ ఎండల్లో రాత్రి ఉంచితే పులిసిపోతుంది, నీలం బదులు మురికి ఊదా వస్తుంది.

ఆ అక్కే అడిగింది: "సార్, నాకు థైరాయిడ్ ఉంది. గీ మందు రెండు చుక్కలు నీళ్లల్ల ఏస్కొని తాగితే మంచిదట కదా?" ఎక్కడో ఫోన్లో వీడియో చూసిందట. అక్కడే లెక్క వేసి చూపించాను. ఈ స్టాక్‌లో మిల్లీలీటరుకు అయోడైడ్‌తో కలిపి సుమారు 126 మిల్లీగ్రాముల అయోడిన్. ఒక్క చుక్కలో 6 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు. అంటే చుక్కలో నలభై రోజుల సరుకు. డాక్టరు చెప్పకుండా తాగితే థైరాయిడ్ ఇంకా దెబ్బతింటుంది అక్కా, మనకు కావాల్సింది కూరలో ఉప్పుతోనే వస్తుంది అన్నాను. "అయితే ఆ ఉప్పేదో సూడుర్రి" అంది. తర్వాతి పని ఎలాగూ అదే.

మార్చి నెలాఖరు: ఉప్పు

పిల్లలు తమ తమ ఊళ్ల నుంచి ఉప్పు పొట్లాలు తెచ్చారు. పరకాల వైపు నుంచి, ఆత్మకూరు నుంచి, హసన్‌పర్తి నుంచి. ప్యాకెట్ ఉప్పు, దొడ్డుప్పు, సైంధవ లవణం, ఒకబ్బాయి బర్రెల కుడితిలో వేసేది కూడా తెచ్చాడు.

మన ఉప్పులో కలిపేది అయోడిన్ కాదు, అయోడైడ్ కూడా కాదు, పొటాషియం అయోడేట్. తేమకు, వేడికి అది ఎక్కువ నిలుస్తుంది. ఉప్పు మీద నేరుగా గంజి చల్లితే రంగు రాదు. కొద్దిగా ఆమ్లం, అయోడైడ్ కలిపితే అయోడేట్ ఆ అయోడైడ్‌తో కలబడి అయోడిన్‌ను విడుదల చేస్తుంది: ఒక అయోడేట్‌కు మూడు అయోడిన్ అణువులు. అందుకే ఈ పద్ధతి ఇంత సూక్ష్మంగా పట్టుకుంటుంది, ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది. విడుదలైన అయోడిన్‌ను హైపోతో, అంటే సోడియం థయోసల్ఫేట్‌తో కొలుస్తాం.

హైపో: లీటరుకు 1.24 గ్రాముల స్ఫటికాలు, 0.005 మోలార్ (అంటే లీటరుకు 0.005 మోల్). మరిగించి చల్లార్చిన నీళ్లు వాడాం, నిలవ ఉండడానికి చిటికెడు సోడియం కార్బొనేట్ వేశాం. దాని బలం సరిచూసుకోవడానికి పొటాషియం అయోడేట్ ద్రావణం: 1.78 గ్రాములు లీటరులో కరిగించి, దాన్ని మళ్లీ పది రెట్లు పలచన చేశాం. మా తక్కెడకు మిల్లీగ్రాములు తెలియవు, అందుకే ఈ చుట్టుదారి.

ఉప్పు 10 గ్రాములు 50 మిల్లీలీటర్ల నీళ్లలో. పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు (ఇది నేనే పోశాను), పది శాతం అయోడైడ్ 5 మిల్లీలీటర్లు. మూత పెట్టి పది నిమిషాలు చీకట్లో. చీకటి ఎందుకంటే, ఆమ్లంలో ఉన్న అయోడైడ్‌ను వెలుతురు, గాలి కలిసి వాటంతటవే అయోడిన్‌గా మారుస్తాయి. అది ఉప్పు ఖాతాలో పడితే లెక్క తప్పు. అయోడైడ్ ద్రావణం ముందే పసుపు పడి ఉంటే పారబోసి కొత్తది చేయాలి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లతో కూడా ఒకసారి చేసి చూశాం, రంగు రాలేదు.

బ్యూరెట్ (కింద కుళాయి ఉన్న కొలత గొట్టం) నుంచి హైపో వదులుతుంటే పసుపు తగ్గుతూ వస్తుంది. ఎండుగడ్డి రంగు అంత పలచబడ్డాకే గంజి వేయాలి. ముందే వేస్తే చుట్లలో ఇరుక్కున్న అయోడిన్ తొందరగా బయటికి రాదు, అంతా అయిపోయిందనుకుని ఆపాక మళ్లీ నీలం తేలుతుంది. గంజి వేశాక ఒక్కో చుక్క. నీలం నుంచి తెలుపుకు మారే ఆ చుక్క కోసం గది మొత్తం ఊపిరి బిగబట్టింది. పిల్లల టెన్షన్ చూడాలి! బ్యూరెట్ రీడింగును 10.58తో గుణిస్తే పీపీఎం, అంటే కిలో ఉప్పులో ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ ఉందో వస్తుంది.

ప్యాకెట్ ఉప్పు 2.7 మిల్లీలీటర్లు తీసుకుంది, అంటే 28.6 పీపీఎం. దుకాణంలో అమ్మేటప్పుడు 15 తగ్గకూడదన్నది నియమం. 15 పీపీఎం ఉన్న ఉప్పు 10 గ్రాములు తింటే సరిగ్గా ఆ 150 మైక్రోగ్రాములు వస్తాయి. పొయ్యి పక్కన మూత లేని డబ్బాలో ఉన్న ఉప్పు 1.6 దగ్గరే ఆగింది, 17 పీపీఎం. ఒక్క పొట్లాన్ని చూసి పొయ్యి మీద నేరం మోపలేను. ఉప్పులో అయోడేట్ అంతటా సమంగా కలవదు, పైనుంచి తీస్తే ఒకటి, అడుగు నుంచి తీస్తే ఒకటి వస్తుంది. కలియబెట్టి మళ్లీ చేయాలి.

దొడ్డుప్పు, బర్రెల ఉప్పు రెండూ తెల్లగానే ఉన్నాయి. గంజి వేసినా ఉలుకూ పలుకూ లేదు. సైంధవ లవణమూ అంతే. మనుషులు నేరుగా తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మడం 2006 నుంచి నిషేధం. మాకు వచ్చిన దొడ్డుప్పు మామిడికాయ తొక్కు పెట్టడానికి తెచ్చి పెట్టుకున్నదట. "అయోడిన్ ఉప్పేస్తే తొక్కు నల్లగైతది సార్, మా అమ్మమ్మ అంటది" అని ఒకడు. నాకది నిలబడే మాటలా అనిపించదు. ఉప్పులో ఉన్నదే కిలోకు 30 మిల్లీగ్రాములు, ఒకవేళ విడి అయోడిన్ పుట్టినా పుల్ల మామిడికాయలో విటమిన్ సి దాన్ని మళ్లీ అయోడైడ్ చేసి కూర్చోబెడుతుంది. అమ్మమ్మతో వాదానికి మాత్రం నేను పోను.

ఏప్రిల్

ఎండ 40 దాటింది. పదకొండు తర్వాత ల్యాబులో టైట్రేషన్ (ఇలా బ్యూరెట్‌తో చుక్కచుక్కగా కొలవడం) చేయడం దండగ. కరెంటు పోతే మరీ. గంజి నీలం పలచబడుతుంది, అయోడిన్ మన కళ్ల ముందే ఎగిరిపోతుంది. పొద్దున బెల్లు కొట్టగానే చేస్తున్నాం, ఫ్లాస్కులను మట్టికుండ నీళ్లలో పెట్టి.

స్టాక్ నుంచి 25 మిల్లీలీటర్లు తీసి లీటరు చేశాం, విటమిన్ సి కోసం. 10 మిల్లీలీటర్లకు హైపో 19.6 పట్టింది. అంటే 0.0049 మోలార్, కాగితం మీది లెక్కతో సరిపోయింది. ఇందులో సగం గోధుమరంగు గాజు సీసాలో, సగం కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్‌లో పోసి పక్కపక్కన పెట్టాం. వారం తిరిగేసరికి ప్లాస్టిక్ గోడలు పసుపు పట్టాయి, కడిగినా పోలేదు. అందులోని ద్రావణం 17.1కే ముగిసింది. గాజుది 19.4. ప్లాస్టిక్ వద్దని పుస్తకం చెప్తే పిల్లలు రాసుకుని మర్చిపోతారు, ఈ రెండు అంకెలు మాత్రం బోర్డు మీద అలాగే ఉన్నాయి.

నిమ్మరసం 10 మిల్లీలీటర్లు, అందులో గంజి. అయోడిన్ పడ్డ ప్రతి చుక్కనూ విటమిన్ సి తినేస్తుంది, అది అయిపోయాక నీలం నిలుస్తుంది. గాజు సీసాలోది 4.8 మిల్లీలీటర్లు పట్టింది. మిల్లీలీటరుకు 0.85 మిల్లీగ్రాముల లెక్కన, 10 మిల్లీలీటర్ల రసంలో 4 మిల్లీగ్రాముల పైచిలుకు. జామకాయ కూడా చేద్దామనుకున్నాం గానీ రసం వడగట్టడంలోనే పీరియడ్ అయిపోయింది.

అంటిన మరకల సంగతి: బెంచీల మీద, ఒక తెల్ల చొక్కా మీద పడ్డ గోధుమ మరకలు హైపో చుక్కలతో క్షణంలో పోయాయి. మిగిలిపోయిన ద్రావణాన్ని కూడా హైపోతో రంగు పోగొట్టాకే సింకులో పోస్తున్నాం.

సెలవులకు ముందు

స్టాక్‌ను గాజు బిరడా ఉన్న గోధుమరంగు సీసాలోకి, మెడ దాకా నింపి మార్చాం. ఖాళీ ఎంత తక్కువుంటే ఆవిరి అంత తక్కువ. రబ్బరు బిరడా పెట్టలేదు, అయోడిన్ దాన్ని పాడుచేస్తుంది. లేబుల్ మీద పాళ్లు, చేసిన తేదీ, చివరి హైపో రీడింగు, "తాగరాదు" అని ఎర్ర అక్షరాలు. అయోడైడ్ పొడిని నల్ల కాగితం చుట్టి లోపలి అరలో పెట్టాం, తాళం మేడం దగ్గర.

జూన్‌లో మిగిలిన పని: స్టాక్‌ను మళ్లీ కొలవడం, పొయ్యి పక్క ఉప్పును అడుగుదాకా కలియబెట్టి మరోసారి చూడడం, జామకాయ. హెక్సేన్ కొద్దిగానే మిగిలింది, బడి తెరవక ముందే షాపులో చెప్పి పెట్టాలి.